బోయింక్‌లో టాస్కులు ఒక మిషన్‌కి వరదలా, ఇంకోదానికి చుక్కల్లా: లిమిట్ ఎక్కడ పెట్టాలి?

మూడోకోర్
అందరికీ నమస్కారం. బోయింక్ (పరిశోధన ప్రాజెక్టుల లెక్కల్ని మన ఇంటి కంప్యూటర్లలో నడిపే ప్రోగ్రామ్) పెట్టిన రెండు మిషన్లు, రెండు రకాల తలనొప్పులు.

మొదటిది 4 కోర్లు, 8 థ్రెడ్లు, 16 జీబీ ర్యామ్, జీపీయూ లేదు. బఫర్ (ముందే దింపి ఉంచుకునే పని నిల్వ) డిఫాల్టే ఉంది: కనీసం 0.1 రోజు, అదనంగా 0.5 రోజు. కొత్త ప్రాజెక్టు ఒకటి కలిపితే గంటలోపే 570కి పైగా టాస్కులు (పని ముక్కలు) దిగాయి. అంచనా సమయం ఒక్కోదానికి 12 నిమిషాలని చూపిస్తోంది, నడుస్తున్నది మాత్రం 2 గంటలు. గడువు 3 రోజులే.

రెండోది 16 థ్రెడ్లు, ఒక ఎన్విడియా కార్డు. ఇక్కడ ఇంకో ప్రాజెక్టు అసలు ఇవ్వనంటోంది. లాగ్‌లో "దిస్ కంప్యూటర్ హ్యాజ్ రీచ్డ్ ఎ లిమిట్ ఆన్ టాస్క్స్ ఇన్ ప్రోగ్రెస్" అని వస్తోంది. టాస్కుల ట్యాబ్‌లో చూస్తే ఉన్నవి నాలుగే!

మొదటి మిషన్‌లో యాప్ కాన్ఫిగ్ ఫైల్ (ఒక ప్రాజెక్టుకి విడిగా రాసుకునే సెట్టింగుల ఫైల్) పెట్టి మ్యాక్స్ కంకరెంట్ 4 ఇచ్చాను. దిగడం ఆగలేదు. ఏం చేయాలి?

ఫీడర్‌ఫణి
ముందు మొదటి మిషన్ సంగతి. అక్కడ లెక్క తప్పలేదు, లెక్కకి ఇచ్చిన అంకె తప్పు.

0.1 + 0.5 అంటే 0.6 రోజు, అంటే 14.4 గంటలు. 8 థ్రెడ్లకి 115.2 థ్రెడ్-గంటల పని కావాలని క్లయింట్ (మీ మిషన్‌లో నడిచే బోయింక్) అడిగింది. ఒక్కోటి 12 నిమిషాలే అనుకుంటే 576 టాస్కులు పడతాయి. మీకు వచ్చినవి సరిగ్గా అన్నే. నిజంగా ఒక్కోటి 2 గంటలు కాబట్టి ఆ 576 పూర్తవడానికి 144 గంటలు, అంటే రాత్రీ పగలూ ఆపకుండా నడిపినా 6 రోజులు. గడువు 3 రోజులు కాబట్టి సగం ఎలాగూ గడువు దాటతాయి.

బోయింక్ సర్వర్ మీకు టాస్కుల సంఖ్య చూసి పంపదు, సెకన్లు చూసి పంపుతుంది. టాస్కులో ఎన్ని ఫ్లోటింగ్ పాయింట్ లెక్కలుంటాయో ప్రాజెక్టు వాళ్లు ఒక అంచనా రాస్తారు. దాన్ని మీ మిషన్ వేగంతో భాగిస్తే సమయం వస్తుంది. కొత్తగా చేరిన మిషన్‌కి ఆ యాప్ మీద సొంత చరిత్ర ఉండదు కాబట్టి వేగం ఊహే. ఆ యాప్ వెర్షన్‌లో పది టాస్కుల దాకా సరైనవని తేలాక సర్వర్ మీ మిషన్ సగటునే వాడటం మొదలుపెడుతుంది, అప్పుడు అంచనా దారిలో పడుతుంది. అందాకా బఫర్ చిన్నగా ఉంచడం తప్ప దారి లేదు.

ఓరుగల్లు_రిగ్
కొత్త ప్రాజెక్టు కలిపేటప్పుడు చేసే పద్ధతి ఇది, రాసి పెట్టుకోండ్రి.

కలిపే ముందే బఫర్ రెండు గడుల్లోనూ 0.01 పెట్టుండ్రి. ప్రాజెక్టు కలపంగనే మొదటి విడత దిగుతది. వెంటనే ప్రాజెక్టుల ట్యాబ్‌ల ఆ ప్రాజెక్టు మీద "నో న్యూ టాస్క్స్" నొక్కుండ్రి. వచ్చినవి అయిపోయి, రిపోర్టయి (అయిపోయినయని సర్వర్‌కి చెప్పుడు), వ్యాలిడేట్ (ఫలితం సరైనదని సర్వర్ తేల్చుడు) అయ్యేదాక ఆగుండ్రి. కోరం రెండుండే (ఒకే పని ఇద్దరికిచ్చి ఫలితాలు పోల్చే) ప్రాజెక్టుల అవతలి మనిషి ఫలితం కూడా రావాలె గనుక రెండు మూడు రోజులు పట్టచ్చు, తొందరపడొద్దు. అంచనా, అసలు సమయం దగ్గరికొచ్చినంక "అలౌ న్యూ టాస్క్స్" ఇచ్చి బఫర్ మెల్లగ పెంచుకోండ్రి.

ఇప్పుడున్న 576 సంగతి: 72 గంటలు, 8 థ్రెడ్లు, టాస్కుకు 2 గంటలు అంటే మహా అంటే 288 అయితయ్. మిషన్ ఆగకుండ నడిస్తేనే అది. 250 ఉంచుకొని మిగిలినవి అబార్ట్ చేయుండ్రి, మొదలుకానివే ఎంచుకొని. టాస్కుల ట్యాబ్‌ల గడువు కాలమ్ మీద నొక్కి వరుస పెట్టి, షిఫ్ట్ పట్టుకొని కింది నుంచి ఎంచుకుంటే ఒక్కసారే అయిపోతది. అబార్ట్ చేసినంక ప్రాజెక్టు మీద "అప్‌డేట్" నొక్కుడు మరవొద్దు. సర్వర్‌కి తెలిసేది అప్పుడే.

విశాఖ_వాట్
> మిగిలినవి అబార్ట్ చేయుండ్రి

అబార్ట్ ఎందుకు, గడువు దాటితే సర్వరే వేరేవాళ్లకి ఇచ్చుకుంటుంది కదా?

ఫీడర్‌ఫణి
ఇచ్చుకుంటుంది, కానీ మూడు రోజుల తరవాత. ఈ లోపు అదే పనికి జంటగా ఫలితం పంపినవాడు క్రెడిట్ (పాయింట్లు) కోసం ఎదురు చూస్తుంటాడు. ఆ పని వివరాలు, ఫైళ్లు సర్వర్ డిస్కులో, డేటాబేసులో అలాగే కూర్చుంటాయి. ఇవాళే అబార్ట్ చేస్తే ఇవాళే ఇంకో మిషన్‌కి వెళ్తుంది. గడువు దాటబోతున్న టాస్కుల్ని క్లయింట్ వరుస తప్పించి ముందుకు లాగి నడుపుతుంది కూడా. ఆ మిషన్‌లో వేరే ప్రాజెక్టులుంటే వాటి వంతు ఆగిపోతుంది.

ఇక మూడోకోర్ గారి యాప్ కాన్ఫిగ్ విషయం. మ్యాక్స్ కంకరెంట్ అనేది *ఒకేసారి నడిచేవాటి* మీద పరిమితి. *దిగేవాటి* మీద కాదు. పాత 7 సిరీస్ క్లయింట్లలో కొన్నిటికి ఇంకో తంటా ఉంది. మిగతా థ్రెడ్లు ఖాళీగా ఉన్నాయని చూసి, వాటిని నింపడానికి అదే ప్రాజెక్టును మళ్లీ మళ్లీ అడుగుతాయి. వచ్చిన టాస్కులు పరిమితి వల్ల నడవలేవు, థ్రెడ్లు ఖాళీగానే ఉంటాయి, క్లయింట్ మళ్లీ అడుగుతుంది. అందుకే మీ వాడకం వల్ల వరద తగ్గకపోగా పెరిగి ఉండొచ్చు కూడా. క్లయింట్‌ను కొత్త వెర్షన్‌కి మార్చండి. కొత్తవి పని అడిగేటప్పుడు ఈ పరిమితిని లెక్కలోకి తీసుకుంటాయి.

క్లయింట్ వైపు గట్టి అడ్డు ఒక్కటే ఉంది: ఒక ప్రాజెక్టువి నడపదగిన టాస్కులు 1000కి చేరితే ఇక అడగదు. మామూలు ఇంటి మిషన్‌కి అది అడ్డు కిందకే రాదనుకోండి.

కృష్ణాతీరం
మూడోకోర్ గారూ, బఫర్ మార్చేటప్పుడు ఒక్క విషయం చూసుకోండి. ప్రాజెక్టు వెబ్‌సైట్లో మారిస్తే మిషన్‌లో మారకపోవచ్చు. మేనేజర్‌లో (బోయింక్ విండోలో) "కంప్యూటింగ్ ప్రిఫరెన్సెస్" ఒక్కసారి తెరిచి సేవ్ కొట్టినా లోకల్ ఫైల్ ఒకటి తయారవుతుంది, పేరు గ్లోబల్ ప్రిఫ్స్ ఓవర్‌రైడ్. ఆ తరవాత వెబ్‌సైట్లో ఏం రాసినా ఈ మిషన్ పట్టించుకోదు. అదే డైలాగ్ పైభాగంలో లోకల్ సెట్టింగులు వాడుతున్నట్టు కనిపిస్తుంది, పక్కనే "యూజ్ వెబ్ ప్రిఫ్స్" బటన్ ఉంటుంది. మిషన్లు రెండే ఉంటే లోకల్‌గా పెట్టుకోవడమే తేలిక. పది ఉంటే వెబ్‌లో హోమ్, వర్క్, స్కూల్ అని విడివిడి లొకేషన్లుంటాయి, ఒక్కోదానికి ఒక్కో బఫర్ ఇచ్చి మిషన్లను వాటికింద సర్దుకోవచ్చు.

బఫర్‌లో ఆ రెండు గడుల తేడా చాలామందికి తెలియదు. మొదటిది కింది గీత, రెండూ కలిపితే పై గీత. నిల్వ కింది గీతకు దిగేదాకా క్లయింట్ అడగదు. దిగాక పై గీత దాకా ఒక్కసారే నింపుకుంటుంది. 0.1, 0.5 పెడితే నిల్వ 2.4 గంటలకు పడిపోయాక ఒక్క ఊపులో 14.4 గంటల పని దిగుతుంది. ఎప్పటికప్పుడు ఒకటయితే ఒకటి రావాలంటే కింది గీత పెంచి, అదనం 0.01కి తగ్గించాలి. ఉదాహరణకి 0.3, 0.01.

గోదారి_జీపీయూ
నేను 10, 10 పెడతా. సర్వర్ పడిపోయినా పని ఉంటుంది. ఎక్కువ పెట్టుకుంటే నష్టమేంటి?

ఫీడర్‌ఫణి
రొసెట్టా అనే ప్రాజెక్టులో గడువు 3 రోజులు. 20 రోజుల నిల్వ అడిగితే ఏమవుతుంది? సర్వర్ మీ దగ్గరున్న పని చూసి కొత్తది గడువులోపు కాదనుకుంటే "టాస్క్స్ వోంట్ ఫినిష్ ఇన్ టైమ్" అని చెప్పి ఇవ్వదు. ఇచ్చినవి గడువు అంచున నడుస్తాయి. ఐన్‌స్టయిన్ గడువు 14 రోజులు, అక్కడ కొంత నయం. క్లైమేట్ ప్రిడిక్షన్ టాస్కులు రోజుల తరబడి నడుస్తాయి, వాటికి నిల్వ అన్న మాటే అనవసరం.

జీపీయూ గ్రిడ్ అయితే 24 గంటల్లోపు తిరిగి పంపితే 50 శాతం, 48 గంటల్లోపయితే 25 శాతం బోనస్ ఇస్తూ వచ్చింది. ఒక జీపీయూకి కొన్ని టాస్కులకి మించి ఇవ్వదు కూడా. వాళ్ల పనిలో ఒక టాస్కు ఫలితం నుంచే తరవాతి టాస్కు పుడుతుంది. మీరు దాచుకుంటే ఆ గొలుసు అక్కడే ఆగిపోతుంది.

సర్వర్ పడిపోతుందనే భయం ఉంటే నిల్వ పెంచకండి, ఇంకో ప్రాజెక్టును రిసోర్స్ షేర్ (ప్రాజెక్టుల మధ్య మిషన్ సమయం పంచే వాటా) 0తో కలుపుకోండి. అది స్టెప్నీ టైరు లాంటిది. మిగతా ప్రాజెక్టుల దగ్గర పని లేనప్పుడే, అదీ ఖాళీ అయిన థ్రెడ్‌కో జీపీయూకో సరిపడా మాత్రమే తెచ్చుకుంటుంది. షేర్ 0 ఉన్న ప్రాజెక్టుకి బఫర్ సెట్టింగు వర్తించదు.

మూడోకోర్
షేర్ 0 సంగతి బాగుంది. అంటే వరద తెచ్చే ప్రాజెక్టుకే షేర్ 0 ఇస్తే ఒక్కోటి చొప్పున వస్తుందన్నమాట?

కృష్ణాతీరం
వస్తుంది, ఆ మిషన్‌లో ఇంకే ప్రాజెక్టుకీ పని లేకపోతే. లేదంటే దాని వంతే రాదు. ఆ మిషన్‌లో అదొక్కటే నడుపుతున్నట్టయితే ఇది చక్కటి పద్ధతి. ఒకటి పూర్తయ్యాకే ఇంకోటి అడుగుతుంది కాబట్టి మధ్యలో కాసేపు థ్రెడ్ ఖాళీగా ఉంటుంది, అంతే.

షేర్ మార్చేది ప్రాజెక్టు వెబ్‌సైట్లో, ప్రాజెక్ట్ ప్రిఫరెన్సెస్ పేజీలో. మార్చాక మిషన్‌లో ఆ ప్రాజెక్టుకి అప్‌డేట్ కొడితేనే అందుతుంది.

ఓరుగల్లు_రిగ్
ప్రాజెక్టు తరఫున్నే లిమిట్ పెట్టుకునే వీలుంటే మాత్రం అదే అన్నిటికన్న మంచిది. ఎల్‌హెచ్‌సీ ఎట్ హోమ్ అనే ప్రాజెక్టు ప్రిఫరెన్సెస్‌ల "మ్యాక్స్ జాబ్స్", "మ్యాక్స్ సీపీయూస్" అని రెండుంటయ్. మొదటిది ఆ మిషన్ చేతుల ఒకేసారి ఎన్ని టాస్కులుండాలె అని. రెండోది అట్లాస్ లాంటి మల్టీ థ్రెడ్ టాస్కుకు ఎన్ని థ్రెడ్లియ్యాలె అని. 16 జీబీ మిషన్‌ల అట్లాస్ నడపాలంటే మ్యాక్స్ జాబ్స్ 2, మ్యాక్స్ సీపీయూస్ 4 పెట్టి చూడుండ్రి. ఈ టాస్కు నడిచే వర్చువల్ మిషన్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ లాంటిది) ఒక్కోటి కొన్ని జీబీల ర్యామ్ తింటది. జాబ్స్ వదిలేస్తే ర్యామ్ చాలక కొన్ని "వెయిటింగ్ ఫర్ మెమరీ" అని నిలబడతయ్, మిషన్ స్వాప్‌ల పడి నత్త నడక నడుస్తది.

వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్‌ల గూడ డివైస్ ప్రొఫైల్ లోపల ఉప ప్రాజెక్టు వారీగ లిమిట్లుంటయ్. ఆఫ్రికా వర్షపాతం టాస్కుల లాంటి పెద్ద ఫైళ్లవాటికి ఒకటో రెండో పెట్టి, చిన్నవాటిని వదిలెయ్యచ్చు.

డల్లాస్_దిబ్బరొట్టి
యాప్ కాన్ఫిగ్ పూర్తిగా పనికిరానిదని ఎవరూ అనుకోవద్దు. దిగడం బఫర్‌తో, నడవడం యాప్ కాన్ఫిగ్‌తో. రెండూ కావాలి. అది రాసేటప్పుడు జరిగే పొరపాట్లు చెప్తాను. ట్యాగులు ఇక్కడ పలికినట్టు రాస్తున్నాం, ఫైల్లో మాత్రం అన్నీ ఇంగ్లీషు చిన్నక్షరాలే, పదాల మధ్య ఖాళీ బదులు అండర్‌స్కోర్.

ఫైల్ ఉండాల్సింది ఆ ప్రాజెక్టు ఫోల్డర్‌లో, బోయింక్ ప్రధాన ఫోల్డర్‌లో కాదు. విండోస్‌లో సీ డ్రైవ్, ప్రోగ్రామ్‌డేటా, బోయింక్, ప్రాజెక్ట్స్, దాని లోపల ప్రాజెక్టు చిరునామా పేరుతో ఉన్న ఫోల్డర్. ప్రోగ్రామ్‌డేటా దాచిన ఫోల్డర్, ఎక్స్‌ప్లోరర్‌లో కనబడేలా చేసుకోవాలి. డెబియన్, ఉబుంటుల్లో అయితే వార్, లిబ్, బోయింక్-క్లయింట్, ప్రాజెక్ట్స్.

నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేస్తే చివర టీఎక్స్‌టీ తగిలించేస్తుంది. పైకి ఎక్స్ఎమ్ఎల్‌లా కనబడుతుంది, క్లయింట్ మాత్రం దాన్ని చూడనే చూడదు. సేవ్ యాజ్‌లో "ఆల్ ఫైల్స్" ఎంచుకోండి.

యాప్ పేరు అంటే వెబ్‌సైట్లో కనిపించే పెద్ద పేరు కాదు, లోపలి చిన్న పేరు. అది తెలియకపోతే ఏదో ఒక దొంగ పేరు రాసి, ఆప్షన్స్ మెనూలో "రీడ్ కాన్ఫిగ్ ఫైల్స్" నొక్కండి. "మీరు రాసిన యాప్ తెలియదు, తెలిసినవి ఇవీ" అంటూ ఈవెంట్ లాగ్ అసలు పేర్లన్నీ వరుసగా చెప్పేస్తుంది. కంట్రోల్, షిఫ్ట్, ఈ కలిపి నొక్కితే లాగ్ తెరుచుకుంటుంది.

ఒక యాప్‌కి మాత్రమే అయితే మ్యాక్స్ కంకరెంట్, యాప్ ట్యాగు లోపల. ప్రాజెక్టు మొత్తానికయితే ప్రాజెక్ట్ మ్యాక్స్ కంకరెంట్, యాప్ ట్యాగు బయట. ఇది లోపల రాస్తే పని చేయదు.

చివరగా, ఫైల్ తీసేస్తే సెట్టింగులన్నీ వాటంతటవే వెనక్కి పోవు. జీపీయూ వాడకం, థ్రెడ్ల సంఖ్య లాంటివి మార్చి ఉంటే పాత విలువలు రావడానికి ప్రాజెక్టును రీసెట్ చేయాలి. రీసెట్ చేస్తే చేతిలో ఉన్న టాస్కులన్నీ పోతాయి. కాబట్టి ముందు నో న్యూ టాస్క్స్, అన్నీ రిపోర్టయ్యాక రీసెట్.

మూడోకోర్
దొంగ పేరు కిటుకు అదిరింది, పేర్లన్నీ వచ్చేశాయి. 320 అబార్ట్ చేశాను, బఫర్ 0.1, 0.01.

ఇప్పుడు రెండో మిషన్. నాలుగే ఉంటే లిమిట్ దాటడమేంటి?

ఫీడర్‌ఫణి
మీ టాస్కుల ట్యాబ్‌లో ఎన్నున్నాయన్నది సర్వర్‌కి అనవసరం. తన డేటాబేసులో మీ మిషన్ పేరు మీద ఎన్ని "ఇన్ ప్రోగ్రెస్" ఉన్నాయో అదే దానికి లెక్క. వెబ్‌సైట్లో మీ ఖాతా, కంప్యూటర్లు, ఆ మిషన్ టాస్కులు, ఇన్ ప్రోగ్రెస్ చూడండి. ఆ అంకె ఎంత?

మూడోకోర్
అక్కడ 32 అంటోంది. మేనేజర్‌లో 4.

ఫీడర్‌ఫణి
మిగతా 28 దెయ్యం టాస్కులు. మీరు పని అడిగారు, సర్వర్ 28 మీ పేర రాసుకుని జవాబు పంపింది, ఆ జవాబు మీ దాకా రాలేదు. కనెక్షన్ సరిగ్గా ఆ క్షణాన తెగితే ఇలాగే అవుతుంది. కరెంటు పోయి రౌటర్ ఆగిపోవడం మామూలుగా జరిగే కారణం. పాత బ్యాకప్ నుంచి డేటా ఫోల్డర్ తిరిగి పెట్టినా ఇదే జరుగుతుంది.

క్లయింట్ పని అడిగిన ప్రతిసారీ తన దగ్గరున్న టాస్కుల జాబితా కూడా పంపుతుంది. పోయిన టాస్కుల్ని మళ్లీ పంపే ఆప్షన్ ఆ ప్రాజెక్టు సర్వర్‌లో పెట్టి ఉంటే, జాబితాలో లేనివాటిని గుర్తించి మళ్లీ ఇస్తుంది. అలౌ న్యూ టాస్క్స్ ఉంచి అప్‌డేట్ నొక్కండి. లాగ్‌లో "రీసెంట్ లాస్ట్ టాస్క్" (పోయిన టాస్కును మళ్లీ పంపాం) అని వరుసగా వస్తే సరే. రాకపోతే ఆ ఆప్షన్ లేదని అర్థం. అప్పుడు ఆ 28 గడువు దాటి రాలిపోయేదాకా ఆగాల్సిందే.

దెయ్యాలు కాకపోయినా ఇదే సందేశం రావడానికి ఇంకో కారణముంది. పూర్తయి, అప్‌లోడయి, ఇంకా రిపోర్ట్ కాని టాస్కులు కూడా సర్వర్ లెక్కలో ఇన్ ప్రోగ్రెస్సే. "రెడీ టు రిపోర్ట్" అని కనిపించేవి అవే. క్లయింట్ వాటిని కాసేపు పోగేసి గుంపుగా పంపుతుంది, సర్వర్ మీద భారం తగ్గాలని. లిమిట్ తక్కువగా ఉండే ప్రాజెక్టులో మాత్రం యాప్ కాన్ఫిగ్‌లో రిపోర్ట్ రిజల్ట్స్ ఇమ్మీడియట్లీ అనే ట్యాగుకు 1 ఇవ్వండి, ఆ ప్రాజెక్టుకి మాత్రమే. సీసీ కాన్ఫిగ్‌లో (క్లయింట్ మొత్తానికీ ఉండే సెట్టింగుల ఫైల్) పెడితే అన్ని ప్రాజెక్టులకీ వర్తిస్తుంది, అది అవసరం లేదు.

గోదారి_జీపీయూ
ఇంతకీ ఈ లిమిట్ సర్వర్ వాళ్లు ఎందుకు పెడతారు? ఫ్రీగా కరెంటు ఖర్చు పెట్టి చేస్తామంటే వద్దంటారేంటి!

ఫీడర్‌ఫణి
బయటున్న ప్రతి టాస్కూ డేటాబేసులో ఒక వరుస. లక్షల మిషన్లు తలా వెయ్యి దాచుకుంటే ఆ పట్టిక ర్యామ్‌లో పట్టదు, ప్రతి ప్రశ్నా డిస్కు దాకా వెళ్తుంది, సర్వర్ మూలుగుతుంది. సెటి ఎట్ హోమ్ ప్రాజెక్టు దీనివల్లే మిషన్‌కి సీపీయూ టాస్కులు 100, జీపీయూ ఒక్కోదానికి 100 అని కట్టడి చేసింది. 2020 మార్చి 31న పని పంపడం ఆపేసే నాటికి కూడా తిరిగి రావాల్సిన ఫలితాల బరువే అక్కడ పెద్ద చర్చ.

సర్వర్ కాన్ఫిగ్‌లో ఇలాంటి మీటలు నాలుగైదు ఉంటాయి, ఒకదానికొకటి సంబంధం లేనివి. చేతిలో ఎన్ని ఉండొచ్చు అనేది ఒకటి. సీపీయూలకి ఒక అంకె, జీపీయూలకి వేరే అంకె, మిషన్‌లో ఎన్నుంటే అన్ని రెట్లు. ఒక్క అడుగులో గరిష్ఠంగా ఎన్ని పంపాలి అనేది ఇంకోటి. రెండు అడుగుల మధ్య ఎన్ని సెకన్లు ఆగాలి అనేది మూడోది, "లాస్ట్ రిక్వెస్ట్ టూ రీసెంట్" అని వచ్చేది దానివల్లే. అప్‌డేట్ బటన్ పదిసార్లు నొక్కితే పని రాదు.

అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది రోజువారీ కోటా. "ఫినిష్డ్ ఎ డెయిలీ కోటా ఆఫ్ 1 టాస్క్స్" లాంటి లైన్ కనబడితే బఫర్ జోలికి పోకండి. మీ మిషన్ వరసగా తప్పుడు ఫలితాలు పంపిందని దాని అర్థం. టాస్కు తప్పినప్పుడల్లా కోటా తగ్గుతుంది, మంచి ఫలితాలు వస్తే మళ్లీ వేగంగా పెరుగుతుంది. మొదలైన పది సెకన్లకే చచ్చిపోయే టాస్కులయితే ఒక గంటలో కోటా 1కి పడిపోతుంది. జీపీయూ అయితే డ్రైవర్, ఓపెన్‌సీఎల్ లైబ్రరీ చూడండి. వర్చువల్ బాక్స్ టాస్కులయితే బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్‌లో ఉందా, వర్చువల్ బాక్స్ వెర్షన్ ప్రాజెక్టు అడిగినదేనా చూడండి. ఓవర్‌క్లాక్ చేసి ఉంటే తీసేయండి. తప్పు సరిచేశాక ఊరికే వదిలేయండి, కోటా అదే లేస్తుంది.

విశాఖ_వాట్
సర్వర్ స్టేటస్ పేజీలో "రెడీ టు సెండ్" వేలల్లో ఉన్నా నాకు "నో టాస్క్స్ సెంట్" వస్తుంది. దాచుకుంటున్నారా?

ఫీడర్‌ఫణి
లేదండీ. షెడ్యూలర్ (సర్వర్‌లో పని పంచే ప్రోగ్రామ్) మీకోసం డేటాబేసంతా వెతకదు. ఫీడర్ అనే ప్రోగ్రామ్ కొన్ని టాస్కుల్ని తెచ్చి ర్యామ్‌లో ఒక అరలో పెడుతుంది. మామూలు సెట్టింగులో ఆ అరలో 100 గడులే. మీరు అడిగిన క్షణానికి ఆ వంద మీకు సరిపడనివి అయితే, అంటే వేరే యాప్‌వో, ర్యామ్ ఎక్కువ కావలసినవో, ఇదివరకే మీరు చేసిన పనికి జంటవో అయితే, ఖాళీ చేతులతో పంపుతుంది. కొన్ని సెకన్లకే అర మళ్లీ నిండుతుంది. తరవాతి అడుగులో దొరుకుతుంది.

కానీ ఆ తరవాతి అడుగు ఎప్పుడన్నది మీ క్లయింట్ చేతిలో ఉంటుంది. పని దొరకకపోతే ఆ ప్రాజెక్టుని ఆ రకం పని కోసం మళ్లీ అడగడానికి క్లయింట్ వ్యవధి పెంచుకుంటూ పోతుంది. పది నిమిషాలతో మొదలై ఒక రోజు దాకా. ప్రాజెక్టును ఎంచుకుని ప్రాపర్టీస్ తెరిస్తే "వర్క్ ఫెచ్ డిఫర్డ్" ఎంతసేపో కనబడుతుంది. చేత్తో ఒక్కసారి అప్‌డేట్ నొక్కితే ఆ వ్యవధి చెరిగిపోతుంది.

డల్లాస్_దిబ్బరొట్టి
క్లయింట్ తనంతట తానే అడగకపోవడానికీ కారణాలుంటాయి, అవి లాగ్‌లో "నాట్ రిక్వెస్టింగ్ టాస్క్స్" తరవాత రాసి ఉంటాయి. "జాబ్ క్యాష్ ఫుల్" అంటే బఫర్ నిండింది, సమస్య లేదు. "సమ్ టాస్క్ ఈజ్ సస్పెండెడ్ వయా మేనేజర్" అంటే ఆ ప్రాజెక్టులో ఏదో ఒక టాస్కును మీరు చేత్తో ఆపి మరిచిపోయారు. ఒక్కటి ఆగి ఉన్నా చాలు, ఆ ప్రాజెక్టు నుంచి పని రాదు. "సమ్ డౌన్‌లోడ్ ఈజ్ స్టాల్డ్" అంటే ట్రాన్స్‌ఫర్స్ ట్యాబ్‌లో ఏదో ఇరుక్కుంది, రీట్రై నొక్కండి, అవకపోతే ఆ టాస్కు అబార్ట్ చేయండి. "టూ మెనీ అప్‌లోడ్స్ ఇన్ ప్రోగ్రెస్" అంటే పైకి వెళ్లాల్సిన ఫలితాలు థ్రెడ్ల సంఖ్యకు రెండింతలు దాటాయి. 8 థ్రెడ్ల మిషన్‌లో 16 దాటితే ఆగిపోతుంది. సర్వర్ అప్‌లోడ్ డిస్కు నిండినప్పుడు అందరికీ ఒకేసారి వచ్చేది ఇదే, మీరు చేయగలిగింది లేదు.

ఇవన్నీ చూసినా అర్థం కాకపోతే ఈవెంట్ లాగ్ ఆప్షన్లలో వర్క్ ఫెచ్ డీబగ్ టిక్ పెట్టి ఐదు నిమిషాలు ఉంచండి. ఏ ప్రాజెక్టుని ఎందుకు వదిలేసిందో, ఎన్ని సెకన్ల పని అడిగిందో అంతా రాస్తుంది. తరవాత తీసేయండి, లాగ్ ఉబ్బిపోతుంది.

బందరు_బైట్లు
నా సమస్య టాస్కుల సంఖ్య కాదు, డేటా. మొబైల్ హాట్‌స్పాట్ మీద నడుపుతాను, రోజుకి 1.5 జీబీ ప్యాక్. ఎలా కట్టడి చేయాలి?

కృష్ణాతీరం
బందరు గారూ, మేనేజర్ ప్రిఫరెన్సెస్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ ఉంటుంది. "లిమిట్ యూసేజ్ టు" దగ్గర 1000 ఎంబీ, ప్రతి 1 రోజుకు అని పెట్టండి. 1500 పూర్తిగా ఇవ్వకండి, మీకూ ఫోన్ కావాలి కదా.

కొన్ని ప్యాకుల్లో అర్ధరాత్రి నుంచి పొద్దున 6 దాకా డేటా లెక్కలోకి రాదు. మీది అలాంటిదే అయితే డెయిలీ షెడ్యూల్స్ ట్యాబ్‌లో నెట్‌వర్క్‌ను 0:00 నుంచి 6:00 దాకా మాత్రమే అనుమతించండి. అప్పుడు నెట్ లేని సమయం 18 గంటలు, అంటే 0.75 రోజు. నిల్వ అంతకన్నా తక్కువుంటే సాయంత్రానికి మిషన్ ఖాళీగా కూర్చుంటుంది. కనీసం 0.9, అదనం 0.1 పెట్టండి. కింది గీత ఎక్కువుండాలి ఇక్కడ. అదనం ఎక్కువ పెట్టి కింది గీత 0.1 ఉంచితే, రాత్రి నెట్ వచ్చేసరికి నిల్వ ఆ గీతకు ఇంకా దిగకపోవచ్చు. అప్పుడు అసలు అడగదు, మర్నాడు మధ్యాహ్నం ఖాళీ అవుతుంది.

ప్రాజెక్టు ఎంపిక కూడా ముఖ్యమే. ఐన్‌స్టయిన్ ఒకే డేటా ఫైళ్ల మీద నడిచే టాస్కుల్ని ఒకే మిషన్‌కి వరసగా ఇవ్వడానికి చూస్తుంది, ఒకసారి దిగిన ఫైళ్లే చాలా టాస్కులకి పనికొస్తాయి. ప్రాజెక్టును రీసెట్ చేస్తే ఆ ఫైళ్లన్నీ మళ్లీ దిగాలి, అది మాత్రం చేయకండి.

ఓరుగల్లు_రిగ్
ఒక్క జాగ్రత్త. ఎల్‌హెచ్‌సీ వర్చువల్ బాక్స్ టాస్కులు హాట్‌స్పాట్ మీద వద్దు. వర్చువల్ మిషన్ లోపలి నుంచి సాఫ్ట్‌వేర్, డేటా సొంతంగ తెచ్చుకుంటది. ఆ ట్రాఫిక్ బోయింక్ లెక్కలకు రాదు. మీరు 1000 ఎంబీ పెట్టినా అది ఆగదు, ప్యాక్ పొద్దుగాల్నే అయిపోతది.

గోదారి_జీపీయూ
సర్వర్ లిమిట్ దాటడానికి ఒకే మిషన్‌లో రెండు క్లయింట్లు నడిపితే? పెంటాథ్లాన్‌లో (బోయింక్ టీముల పోటీ) టీములు అలాగే బంకర్లు కడతాయి (ఫలితాలు పంపకుండా దాచిపెడతాయి) కదా.

డల్లాస్_దిబ్బరొట్టి
కడతారు. రెండో క్లయింట్‌కి వేరే డేటా ఫోల్డర్, వేరే ఆర్‌పీసీ పోర్టు (మేనేజర్ క్లయింట్‌తో మాట్లాడే దారి), అలౌ మల్టిపుల్ క్లయింట్స్ అనే ఆప్షన్ ఇచ్చి మొదలుపెడితే సర్వర్‌కి అది ఇంకో కంప్యూటర్‌లా కనిపిస్తుంది, దాని లిమిట్ దానికే. పోటీ రోజుల్లో ఫలితాలు పోగేసి గంట కొట్టగానే ఒక్కసారి కుమ్మరిస్తారు. ఆ గంటలో అప్‌లోడ్ సర్వర్ల పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించుకోండి. లిమిట్ పెట్టిన ప్రాజెక్టు దగ్గర దాన్ని దాటడానికి ఇలా చేయడం నా లెక్కలో సరికాదు.

ఇదే పద్ధతికి మంచి వాడకం ఉంది. మూడోకోర్ గారి 16 థ్రెడ్ల మిషన్‌లో ఒక ప్రాజెక్టుకి 4 థ్రెడ్లే, దానికి తగ్గ నిల్వే కావాలంటే, రెండో క్లయింట్ సీసీ కాన్ఫిగ్‌లో ఎన్‌సీపీయూస్ 4, మొదటిదాంట్లో 12 పెట్టండి. అప్పుడు పని అడగడం కూడా ఆ 4కి తగ్గట్టే ఉంటుంది, రెండిటి బఫర్లూ వేరువేరు. బోయింక్‌లో బఫర్ ప్రాజెక్టు వారీగా ఉండదన్న లోటు తీరే దారి ఇదొక్కటే. జీపీయూ మాత్రం ఒక్క క్లయింట్‌కే వదలండి. రెండోదాంట్లో యూజ్ జీపీయూ ఎప్పుడూ వద్దని పెట్టకపోతే రెండూ దానికోసం కొట్టుకుంటాయి.

విశాఖ_వాట్
ఫోల్డింగ్ ఎట్ హోమ్‌లో (బోయింక్ కాని ఇంకో ఇలాంటి ప్రోగ్రామ్) ఈ గొడవే లేదుగా?

డల్లాస్_దిబ్బరొట్టి
లేదు, అక్కడ నిల్వే లేదు. నడుస్తున్న పని ఒకటి, అది దాదాపు అయిపోయేటప్పుడు తరవాతిది దిగుతుంది. 7వ వెర్షన్‌లో నెక్స్ట్ యూనిట్ పర్సెంటేజ్ అనే ఆప్షన్ 90 నుంచి 100 మధ్య పెట్టుకోవచ్చు, మామూలుగా 99. నెట్ నెమ్మదిగా ఉంటే 97 చాలు. 90 పెడితే ముందే దిగిన పని ఊరికే కాచుకుని కూర్చుంటుంది, త్వరగా పంపితే వచ్చే బోనస్ పాయింట్లు తగ్గుతాయి.

మూడోకోర్
28లో 26 "రీసెంట్ లాస్ట్ టాస్క్" అని వచ్చేశాయి. మిగతా రెండిటి గడువు ఎల్లుండి. ఇంకొక్కటే ప్రశ్న. పండక్కి వారం ఊరెళ్తున్నాం, రెండు మిషన్లూ ఆపేయాలి. దిగినవి మిగలకుండా ఎలా ఆపాలి?

ఓరుగల్లు_రిగ్
పోయే రోజు పొద్దుగాల ఆపుడు కాదు. నిల్వ ఎంతుందో దానికి రెట్టింపు టైమ్ ముందు నో న్యూ టాస్క్స్ పెట్టుండ్రి. మీ మొదటి మిషన్‌కు ఒక రోజు ముందు చాలు, రెండోదానికి రెండు రోజులు. రెండిట్ల అన్ని ప్రాజెక్టులకు పెట్టాలె, ఒక్కటి మరిస్తే ఖాళీ అయిన థ్రెడ్లన్నిటికి అదే తెచ్చి నింపుతది. షేర్ 0 ఇచ్చిన ప్రాజెక్టు ముఖ్యంగ చూసుకోండ్రి.

మేనేజర్ లేని లైనక్స్ మిషన్ అయితే బోయింక్‌సీఎమ్‌డీ అనే కమాండ్‌కి ప్రాజెక్టు చిరునామా ఇచ్చి చివర "నోమోర్‌వర్క్" అని రాస్తే అదే పని అయితది, వచ్చినంక "అలౌమోర్‌వర్క్". క్రాన్‌ల (టైమ్‌కి పని నడిపే లైనక్స్ ప్రోగ్రామ్) పెట్టుకోవచ్చు. అన్నీ అయిపోయినంక అప్‌డేట్ కొట్టి, టాస్కుల ట్యాబ్ పూర్తిగ ఖాళీ అయిందా చూసి, అప్పుడు స్విచ్ ఆఫ్ చేయుండ్రి. రిపోర్ట్ కాకుండ ఆపితే వారం దాకా అవి సర్వర్ దగ్గర ఇన్ ప్రోగ్రెస్ కిందనే ఉంటయ్, 3 రోజుల గడువు టాస్కులయితే చేసిన పని గూడ దండగ.